చీపురు లేస్తే మళ్ళీ మొదటినుంచి

ఈ ఉదయం కాలేజీ హాల్లో మైకు కీచుమంది. చేతిలో చీపురు జారిపోయింది. ఆ చప్పుడు వింటే నాకు సరోజమ్మ మేడమే గుర్తొస్తారు. ఆమె పోయి ఏడాది దాటింది. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది.

మేడం ఈ కన్నడ ఊళ్ళోనే కాటన్‌పేట తెలుగువాళ్ళ బిడ్డ. కొత్తగా చేరిన పిల్లలకు నలుగురి ముందు మాట్లాడడం నేర్పేవారు. ఊడ్చే నన్ను చివరి బెంచీలో కూర్చోబెట్టి, మొదటి ప్రసంగం ఇంటి భాషలో నాకే చెప్పమనేవారు. వినపడకపోతే నేను చీపురెత్తాలి.

"చీపురు లేచెనప్పా! మళ్ళీ మొదటినుంచి."

"ఆయమ్మకు చెవుడేమో మేడం!" అన్నాడొకడు.

"ఆమె చెవులు బాగానే ఉండాయి. నీ నోరే ఇంట్లో మరిచి వచ్చినావు."

ఒక ఏడు ప్రిన్సిపాల్ సారు ఆ క్లాసును చివరి ఏడాదికి మార్చాలని మీటింగు పెట్టారు. చీపురు సంగతి చెప్పమని మేడం నన్నూ వెంటబెట్టుకెళ్ళారు.

"కొత్త పిల్లలు బెదిరిపోతారు మేడం. ఉద్యోగాల ముందు నేర్పితే చాలు," అన్నారు సారు.

మేడం మైకు నా చేతికిచ్చారు. అది కీచుమంది. నోరు తెరిస్తే చీపురు మాట రాలేదు, ఇంకేదో వచ్చింది.

"సార్, మా ఇంటాయన పీణ్య ఫ్యాక్టరీలో మిషను పని చేస్తాండె. తిరిగే బెల్టుకు అడ్డముండే జాలీ ఊడిపోయింది. ఓనరుకు చెప్పల్లని నెలంతా ఇంట్లో నాతోనే గొణిగినాడు. అక్కడ నోరు లేవలేదు. బెల్టు చొక్కా పట్టి లాక్కునేసింది. ఆఖర్లో నేర్పుతామంటారే, ఆ ఆఖరు ఎప్పుడొస్తాదో మీకు తెలుసునా సార్?"

ఆ గొంతు నాదేనా అని నేనే బిత్తరపోయాను. ఆయన ఎలా పోయాడో ఆ కాలేజీలో ఎవరికీ తెలియదు. మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. క్లాసు మొదటి ఏడాదిలోనే ఉండిపోయింది.

బయటికొచ్చాక అడిగారు: "నాగమ్మా, నాకు కూడా చెప్పలేదే?"

"అంతా యాడ చెప్పినాను మేడమ్మా? ఆయన ఓనరు దగ్గరికి పోతాననె. పని పోతాది, ఊరుకోమని నేనే అంటిని."

ఆమె ఓదార్చలేదు. లోపలికి వెళ్ళి, నేను మరిచిన చీపురు తెచ్చి చేతిలో పెట్టారు. "ఇంక ఎవర్నీ ఊరుకోమనొద్దు," అన్నారు.

ఈ ఉదయం మైకు ముందు ఒక కొత్త పిల్ల గొణిగింది. కొత్త మాస్టారు బాగుందనేశారు. వెనకనుంచి నేను చీపురెత్తాను. పిల్ల బిక్కమొహం వేసింది.

"నాకు వినపడలేదమ్మా," అన్నాను. "మళ్ళీ చెప్పు."