ఒక ఇల్లు, ఒకే ఏజెంటు

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున నల్లగండ్లలో ఒక ఫ్లాటు చూపించడానికి వెళ్లాను. వచ్చినవాళ్లు ఐటీలో పనిచేసే భార్యాభర్తలు, ఇద్దరికీ ముప్పై నిండి ఉండవు. నేను తాళం తీస్తుంటే ఆ అమ్మాయి చెప్పులు విప్పకుండా గడప బయటే నిలబడి, "అంకుల్, ఈ ఇల్లు నిజంగా ఖాళీగా ఉందా? లేక ఇది చూపించి ఇంకోటి అంటగడతారా?" అని అడిగింది. ఆమె ఫోనులో ఇదే హాలు ఫొటో ఐదు చోట్ల ఉంది, ఐదుగురి పేర్లతో, ఐదు ధరలతో. అందులో ఒకడు ఈ హాలును ఏకంగా మాదాపూర్‌కు మార్చేశాడు. నేను యజమాని సంతకం పెట్టిన కాగితం చూపించాను, సర్కారు ఇచ్చిన నా రిజిస్ట్రేషన్ నంబరు చూపించాను. ఆ అమ్మాయి రెండింటినీ ఫొటో తీసుకుని, యజమానికి ఫోను చేసి నేనెవరో కనుక్కుని, ఆ తర్వాతే లోపలికి అడుగుపెట్టింది.

ఆమె మీద నాకు కోపం రాలేదు. ఈ వృత్తిలో ఇన్నేళ్లుగా నేను ఎవర్ని నమ్మాను గనుక, నన్ను ఒకరు నమ్మాలని అడగడానికి? ఇంటికి వస్తూ దారి పొడుగునా లింగంపల్లి స్టేషన్ ఎదురుగా ఉండిన నా పాత గది, అందులో మేం ఏజెంట్లం పెట్టుకున్న సంఘం, ఆ సంఘాన్ని నా చేతులతో నేనే పాడుచేసుకున్న సంగతి గుర్తొచ్చాయి. ఇంతవరకు మా ఆవిడకు, ఇంకొక్కరికి తప్ప ఎవరికీ చెప్పని విషయం అది.

మాది ప్రొద్దుటూరు వైపు. మాదాపూర్‌లో అద్దాల భవనాలు ఒక్కొక్కటే లేస్తున్న రోజుల్లో, మా మరదలి భర్త, అంటే నా తోడల్లుడు, ఇక్కడ చిన్న ఉద్యోగం చేసుకుంటూ నన్ను రమ్మన్నాడు. ఇళ్లు వెతుక్కునేవాళ్లు రోజూ రైలు దిగుతున్నారు, చూపించేవాడికి చేతినిండా పని అన్నాడు. నిజంగానే పని దొరికింది. కానీ ఆ పనిలో నేను మొదట నేర్చుకున్నది ఇళ్లు చూపించడం కాదు, ఇళ్లు దాచిపెట్టడం. పార్టీని, అంటే ఇల్లు కావలసినవాళ్లను, స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని, తిన్నగా వెళ్తే రెండు నిమిషాల దారిని నాలుగు గల్లీలు తిప్పి తీసుకెళ్లేవాణ్ని, మళ్లీ వాళ్లంతట వాళ్లు రాలేకుండా. యజమానీ పార్టీ ఎదురుపడితే నేను మధ్యలో నిలబడి ఇద్దరి మాటలూ నేనే మాట్లాడేవాణ్ని. ఇంకో ఏజెంటు స్కూటరు ఏదైనా గేటు ముందు కనిపిస్తే, టీ కొట్టులో కూర్చుని అతను ఎప్పుడు వెళ్తాడా అని కాపు కాసి, వెళ్లగానే నేను అదే ఇంటి బెల్లు కొట్టేవాణ్ని. మీలో అప్పట్లో అద్దె ఇంటి కోసం తిరిగినవాళ్లకు మా వేషాలన్నీ గుర్తుండే ఉంటాయి. మాకు అది తెలివి అనిపించేది.

ఆ తెలివి ఒక రోజు వీధిలో పడింది. నల్లగండ్లలోనే ఒక నర్సమ్మగారి ఇల్లు అద్దెకు ఉంటే, ఆమె ఇద్దరు ఏజెంట్లకు చెప్పింది, అందులో నేనొకణ్ని. ఆమె రాత్రి డ్యూటీలు చేసే మనిషి, ఫోనులో ఎవరు మాట్లాడారో, ఎవరికి సరే అన్నదో సరిగ్గా గుర్తుపెట్టుకోలేదు. నేను అడిగి రూఢి చేసుకోలేదు. రెండో ఏజెంటు ఎవరో తెలిసినా అతనికి ఫోను చేయలేదు, చేస్తే నా పార్టీని లాక్కుంటాడని భయం. ఫలితంగా ఒక గురువారం పొద్దున ఒకే గేటు ముందు సామాన్లతో రెండు వ్యాన్లు ఆగాయి. రెండు కుటుంబాల ఆడవాళ్ల చేతుల్లోనూ పాలు పొంగించడానికి గిన్నెలున్నాయి. ఒకామె ఒళ్లో మూడు నెలల బిడ్డ.

రెండోవాళ్లు ముందు తాళంచెవి తీసుకోవడంతో నా పార్టీ బయట మిగిలిపోయింది. వాళ్లు భీమవరం నుంచి వచ్చినవాళ్లు, పాత ఇల్లు అప్పటికే ఖాళీ చేసేశారు. ఆ బిడ్డ తల్లి మెట్ల మీద కూర్చుని నన్ను తిట్టలేదు, "ఇప్పుడు మేం ఎక్కడికి వెళ్లాలండీ?" అని మాత్రం అడిగింది.

అప్పుడు వచ్చాడు పెద్దన్న. ఆయన పుప్పాలగూడ వాడు, మాలాగే ఏజెంటు. మేమందరం పెద్దన్న అనే పిలిచేవాళ్లం. నేను ఊరు విడిచి ఇక్కడికి వచ్చినవాణ్నయితే, ఆయన కదలకుండా ఉన్నచోటనే ఊరు ఆయన్ని విడిచిపోయింది. ఏ టవరు ఏ జొన్నచేను మీద నిలబడిందో, ఏ గేటు దగ్గర తమ బర్రెలు నీళ్లు తాగేవో చెప్పగలిగేవాడు. పెద్దగా చదువుకోలేదు, కానీ ఈ చుట్టుపక్కల సర్వే నంబర్లు ఆయన కాళ్లకు తెలుసు. ఎవరో చెప్పగా వచ్చి, ఏమీ అడగకుండా వ్యాను డ్రైవరు పక్కన ఎక్కి, ఆ కుటుంబాన్ని తన ఇంటి పై వాటాకు తీసుకుపోయాడు. వాళ్లు అక్కడ ఏడాదిన్నర ఉన్నారు.

మరుసటి వారం మా అందర్నీ లింగంపల్లిలో నా గదికి రమ్మన్నాడు. ఇరవై మందికి పైగా వచ్చాం, కూర్చోవడానికి చోటు లేక సగంమంది మెట్ల మీద నిలబడ్డారు. ఆయన చెప్పింది చాలా సులువైన సంగతి. ఒక ఇంటికి ఒకే ఏజెంటు ఉండాలి, యజమాని సంతకం ఉండాలి. మిగతావాళ్లకు పార్టీ ఉంటే ఆ ఏజెంటు ద్వారానే రావాలి, కమీషన్ ఇద్దరూ పంచుకోవాలి. ఇళ్లన్నీ ఒక ఉమ్మడి జాబితాలో ఉంటాయి. ప్రతి సోమవారం అందరికీ అందే కాగితంలో కాలనీ, అంతస్తు, గదులు, ఏజెంటు పేరు మాత్రమే ఉంటాయి. పూర్తి చిరునామా, యజమాని ఫోను నంబరు ఒకే ఒక్క పుస్తకంలో ఉంటాయి. ఆ పుస్తకం ఎవరి దగ్గర ఉండాలన్న దగ్గర పెద్ద గొడవ జరిగింది. మేమెవరం ఒకర్నొకరం నమ్మం గనుక చివరికి అది పెద్దన్న బీరువాకే చేరింది. ఆయన ఇంకో నియమం తనకు తానే పెట్టుకున్నాడు. లేని ఇళ్లు చూపించి జనాన్ని తిప్పడం మా వృత్తికి పట్టిన జబ్బు గనుక, జాబితాలోకి వచ్చిన ప్రతి ఇంటినీ తానే ఒకసారి వీధిలోంచి చూసి వచ్చేవాడు.

నాలుగైదు నెలలు అద్భుతంగా నడిచింది. నేను గల్లీలు తిప్పడం మానేశాను. టీ కొట్టులో కాపు కాసిన ఏజెంటుతోనే కలిసి టీ తాగాను. మా ఆవిడ, మీ ముఖం మీద ముడి విడిందే అని నవ్వేది.

ఇంతలో పెద్దన్న అల్లుడు నల్లగండ్లలో ఆఫీసు తెరిచాడు. అతన్ని సంఘంలో చేర్చుకోలేదు. ముందు ఆర్నెల్లు బయట తిరిగి పని నేర్చుకోమని మామగారే ఆపాడట. నాకు అందులో మంచి కనిపించలేదు. బయట ఉంటే నియమాలు వర్తించవు కదా, అదీ ఎత్తు అనుకున్నాను. అదే నెలలో నా జాబితాలో ఉన్న రెండు ఇళ్లు చేజారాయి. యజమానులిద్దరూ ఎవరో ఫోను చేశారు, ఇచ్చేశాం అన్నారు. ఎవరు అని నేను అడగలేదు, ఎందుకంటే నాకు తెలిసిపోయిందనుకున్నాను. అనుమానం వచ్చినవాడు ప్రశ్నలు అడగడు, రుజువులు వెతుక్కుంటాడు.

నేను పన్నిన వల ఇదీ. మా తోడల్లుడు తన ఫ్లాటును అద్దెకు ఇస్తున్నట్టు కాగితం మీద సంతకం పెట్టాడు, దొంగ సంతకం కాదు గానీ దొంగ ఉద్దేశంతో. యజమాని నంబరుగా మా మరదలి ఫోను రాశాం. ఆ చిరునామా పెద్దన్నకు తప్ప ఏ ఏజెంటుకూ తెలియదు. ఎక్కడా తేడా రాకుండా నిజం ఇల్లులాగే కనిపించేట్టు చూడమని తోడల్లుడికి ఒకటికి రెండుసార్లు చెప్పాను. నాలుగో రోజున మా మరదలికి ఒక ఏజెంటు ఫోను వచ్చింది, ఇల్లు ఇస్తారా అని. నంబరు చూశాను. పెద్దన్న అల్లుడిది.

ఆయన ఇంటికి వెళ్లి అడగవచ్చు. స్కూటరు మీద పావుగంట దారి. వెళ్లలేదు. నెలవారీ సమావేశం దాకా ఆగి, అందరూ కూర్చున్నాక లేచి నిలబడి, ఆ ఫోను సంగతి చెప్పి, "అన్నా, ఆ అడ్రసు నీకు తప్ప యెవరికీ తెలీదు. మీ అల్లునికి యెట్ల తెలిసిందో నువ్వే చెప్పు," అన్నాను. గదిలో ఒక్కసారిగా అందరి ముఖాలూ ఆయన వైపు తిరిగాయి. సగంమంది అప్పటికే తమ చేజారిన ఇళ్లు లెక్కేసుకుంటున్నారని వాళ్ల కళ్లలో తెలిసింది.

పెద్దన్న కోప్పడలేదు, ఒట్టు వేయలేదు. సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టి, "నమ్మకం పోయినంక ఇది నా దగ్గర ఎందుకు తమ్మీ," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ పుస్తకం మీద ఆ సాయంత్రమే ఐదారు చేతులు పడ్డాయి. ఎవరికి కావలసిన చిరునామాలు వాళ్లు రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను, దాచడమెందుకు. రెండు నెలలకు సంఘం లేదు. మళ్లీ స్కూటర్లు, మళ్లీ గల్లీలు, మళ్లీ టీ కొట్టు.

రెండేళ్ల తర్వాత మా తోడల్లుడి కూతురు ఓణీల వేడుకలో, వడ్డన అయ్యాక మాటల్లో మాటగా మా మరదలు నవ్వుతూ అంది: "ఆ నాలుగు రోజులూ నాకు ఊపిరి ఆడలేదు బావా. ఈయన బాల్కనీకి టు-లెట్ బోర్డు కట్టినాడు గదా, నా నంబరేసి. నిజం ఇల్లు మాదిరి ఉండాలని నువ్వే చెప్తివంట. ఒగటే ఫోన్లు! ఏజెంటు చేస్తేనే చెప్పమంటివని మిగతావి నీకు చెప్పలేదు."

ఆకులో ఇంకా తీపి మిగిలే ఉంది. నేను లేచి చేయి కడుక్కున్నాను. వీధిలో పోయే ఎవరైనా చూడగలిగేట్టు రోడ్డు వైపు బోర్డు వేలాడదీసి, అడ్రసు ఎలా తెలిసిందని నిండు సభలో ఒక మనిషిని నిలదీశాను. కొత్తగా పనిలోకి దిగిన ఆ అల్లుడు బోర్డులు చూసుకుంటూ గల్లీలు తిరుగుతూ ఆ నంబరుకు ఫోను చేశాడు, అంతే. తర్వాత నా చేజారిన ఆ రెండు ఇళ్ల యజమానుల్నీ కూడా వెతికి అడిగాను. ఒకాయన ఇల్లు ఆయన వాచ్‌మన్ బంధువులకే వెళ్లింది. ఇంకొకాయన తన ఆఫీసు స్నేహితుడికి ఇచ్చుకున్నాడు. రెండేళ్ల ముందే అడిగి ఉంటే రెండు నిమిషాల్లో తెలిసేది.

అయినా వెంటనే వెళ్లలేకపోయాను. వారం రోజులు ఏదో ఒక వంక పెట్టుకుని, చివరికి పుప్పాలగూడ వెళ్లాను. పెద్దన్న అప్పటికి పని మానేశాడు. ఇంటి ముందు కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. నిలబడే అంతా చెప్పాను, బోర్డు సంగతితో సహా. ఆయన చేతిలో పని ఆపలేదు.

"బోర్డు నేను చూసిన తమ్మీ," అన్నాడు. "ఇల్లు చూడనీకి వస్తి కదా ఆ దినం. మీ చుట్టాల ఇల్లని గుడ ఎరికే."

తెలిసి కూడా మీటింగులో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే ఏమంటుంటివి? గా బోర్డు గుడ నేనే కట్టిపిచ్చిన అంటుంటివి. నువ్వు అడగనీకి రాలే, పట్టుకోనీకి వచ్చినవ్. గసొంటోనికి ఏం చెప్పాలె?" అని, లోపలికి తిరిగి ఇద్దరికి చాయ్ పెట్టమని కేకేశాడు. చాయ్ తాగాం. సంఘం మళ్లీ పెడదామా అని అడిగాను. ఆయన నవ్వి, చిక్కుడుకాయలు ఒక పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు.

ఇప్పుడు మళ్లీ ఒక సంఘం లేస్తోంది, ఈసారి కుర్రవాళ్లు పెడుతున్నారు. ఉమ్మడి జాబితా ఫోనులోనే ఉంటుందట, ఒక ఇల్లు రెండుసార్లు ఎక్కదట, ఎవరు ఎప్పుడు ఏ చిరునామా తెరిచి చూశారో కూడా దానంతట అదే రాసుకుంటుందట. మంచిదే. ఆ రోజుల్లో మాకు ఇది ఉండి ఉంటే నేను ఆ గదిలో లేచి నిలబడవలసిన అవసరమే వచ్చేది కాదు. పాతవాణ్నని నియమావళి చూసి సలహా చెప్పమన్నారు. ఎవరిమీదైనా ఫిర్యాదు చేసే ముందు ఆ సభ్యుడి దగ్గరికి స్వయంగా వెళ్లి ఒకసారి అడిగి రావాలి అన్న నియమం చేర్చమన్నాను. కార్యదర్శి మర్యాదగా విని, ఫిర్యాదుకు ఒక బటన్ పెట్టాం కదా సార్, అది నొక్కితే చాలు, ఎవరూ ఎవరింటికీ వెళ్లనక్కర్లేదు అన్నాడు. అతను చెప్పింది సబబుగానే ఉంది. పావుగంట దారి వెళ్లడానికి మాకే కాళ్లు రాలేదు, ఇక వీళ్లను వెళ్లమనడానికి నేనెవర్ని? నా అభ్యంతరం ఏమీ లేదని రాసి సంతకం పెట్టి ఇచ్చాను.