తాత చెప్పుల్లో ఒకటి

తలకు రాసుకుందామని ఆముదం సీసా మూత తీసినప్పుడల్లా నాకు మా నాయన కారే గుర్తొస్తుంది.

అవి యుద్ధం రోజులు. నగర్తపేటలో మా ఇంటి ముందు ఆ పాత కారు నీళ్లు కారుస్తూ నిలబడిపోయింది. ఇంజనును చల్లబరిచే నీళ్ల పంపులోని తోలుబిళ్ల అరిగిపోయిందట. కొత్తది ఊళ్లో ఎక్కడా దొరకలేదు. నాయన పంపు విప్పి అరుగు మీద పెట్టుకున్నాడు గానీ, పాత బిళ్ల ఇనుముకు కరుచుకుని రానంటే రానంది. చివరికి మా అవ్వ దాని మీద వేడి ఆముదం పోసి, కాసేపాగి, అట్లకాడతో గీకి పెరికేసింది. తర్వాత లోపలికి పోయి, అంతకు ముందేడు పోయిన తాత చెప్పులు తెచ్చింది.

"తోలు బాగుండాదప్పా. ఒకటి కోసుకో."

నాయన కత్తి అంచు చెప్పు మీద పెట్టి, మళ్లీ తీసేశాడు. నాకు ఏడుపొచ్చింది.

"తాత వచ్చి అడిగితే?"

"కారెక్కి రమ్మంటాలే పాపా," అంది అవ్వ.

గుండ్రంగా కోసిన తోలును రెండు రోజులు ఆముదంలో నానబెట్టి బిగిస్తే, ఒక్క చుక్క కారలేదు. రెండో చెప్పును అవ్వ తన పెట్టెలో పెట్టుకుంది. ఎందుకని అడిగాను.

"మళ్లీ కారితే కావాల్నే!"

నేను నమ్మాను.

యుద్ధం ముగిశాక నాయన కారు అమ్మేశాడు. ఎన్నో ఏళ్లకు, అవ్వ పోయాక, ఆ పెట్టె తెరిచాం. పాత చీర ముక్కలో చుట్టిన చెప్పు కనిపించింది. ఎండి బిరుసెక్కి ఉంటుందనుకుంటూ చేతిలోకి తీసుకున్నాను. మెత్తగా వంగింది. వేళ్లకు ఆముదం అంటింది.