రెండో పక్క కూడా ఇలాగే

ఆ రోజుల్లో ఆల్జీబ్రాలోని రింగ్ థియరీలో నా పేరు తలవకుండా పేపర్ రాసినవాడు భూమ్మీద లేడు. జపాన్ నుంచి బ్రెజిల్ దాకా అందరూ తమ పేపర్లలో నన్ను ఉటంకించినవాళ్లే, మా మాటలో సైట్ చేసినవాళ్లే. అంతటి నేను, రిటైర్మెంటు దగ్గరపడుతున్న రోజుల్లో, తిరుపతిలో ఒక ఉదయం ఎమ్మెస్సీ క్లాసులో బోర్డు కుడి సగం మాత్రమే నింపి, చేతులు దులుపుకుని వచ్చేశాను.

నా కంటికి బోర్డంతా నిండే ఉంది. పిల్లలూ ఏమీ అనలేదు. మా ఆల్జీబ్రావాళ్లకు ఒక అలవాటుంది. గుణకారంలో వరస మారితే జవాబు మారిపోయే చోట, ప్రతి సంగతినీ కుడి నుంచి ఒకసారి, ఎడమ నుంచి ఒకసారి నిరూపించాలి. మేం ఒక పక్క చేసి, "రెండో పక్క కూడా ఇలాగే" అని వదిలేస్తాం. సారు ఇవాళ ఎడమ పక్క మాకు వదిలేశారనుకుని వాళ్లు బుద్ధిగా రాసుకుపోయారు.

మధ్యాహ్నం నా భార్య సుగుణ దగ్గర ఆ మర్యాద నడవలేదు.

"ఏందిది, ఎడమ పక్క పప్పన్నం అట్లే ఉండాది?"

"యాడ? అంతా తినేసినానే!"

ఆమె నా మొహంలోకి చూసింది. "గడ్డం గూడా సగమే గీసుకున్నారు. లెయ్యండి, ఆటో పిలుస్తా."

సీటీ స్కాన్ తీశారు. "స్ట్రోక్ సార్, బ్రెయిన్ కుడి వైపున" అన్నాడు డాక్టరు. "కళ్లు బాగున్నాయి. కానీ ఎడమ అనేది ఒకటుందని బ్రెయిన్ పట్టించుకోవడం లేదు. లెఫ్ట్ నెగ్లెక్ట్ అంటాం. పొద్దున్నే వచ్చుంటే బాగుండేది."

"మళ్లీ లెక్కలు చేస్తానా?"

"ముందు నడవండి సార్."

నడిస్తే ఎడమ భుజం ప్రతి ద్వారబంధానికీ కొట్టుకునేది. బాత్రూములో పడి మణికట్టు విరిగింది. కట్టు విప్పేదాకా ఫిజియోథెరపీ ఆగింది. అదంతా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది పుస్తకం. పేజీలో సగమే చదివి, మొత్తం అర్థమైందనుకునేవాణ్ణి. సగం పోయిన సంగతి కూడా తెలియని తలను పెట్టుకుని ఏం చేయాలి?

థెరపీ అమ్మాయి పేజీకి ఎడమ అంచున ఎర్ర గీత గీసింది. "ఆ గీత కనబడేదాకా తల తిప్పండి పెద్దాయనా. కనబడినాకనే సదవండి."

అలా గీత వెతుక్కుంటూ చదివింది నాకు పేరు తెచ్చిన నా పేపర్‌నే. నా దగ్గర రీసెర్చి చేస్తున్న రాజేశ్వరి, వడమాలపేట అమ్మాయి, థీసిస్ అంతా దాని మీదే కట్టింది. అందులో "రెండో పక్క కూడా ఇలాగే" అన్న చోట ఆగిపోయాను. ఎన్నిసార్లు చేసినా ఇలాగే రావడం లేదు. తప్పు పేపర్లో ఉందా, నా తలలో ఉందా? పేపర్లో ఉంటే నా పరువూ, ఆ పిల్ల చదువూ పోతాయి. తలలో ఉంటే ఇక నేనే లేను. నిజం చెబుతున్నా, పేపరే తప్పు కావాలని దండం పెట్టుకున్నాను.

రాజేశ్వరి వచ్చినప్పుడు ఒక లైను మీద వేలు పెట్టి చూపించాను. "ఇది ఎడమకు తిప్పితే నిలవదమ్మా." ఆమె వరండాలో కూర్చుని చాలాసేపు చేసి, లోపలికొచ్చింది.

"తప్పే సార్."

నేను పగలబడి నవ్వాను. నా తల నాకు తిరిగొచ్చింది!

"మీకేం సార్, నవ్వుతారు. నాది మళ్లా మొదటికొచ్చె" అని ఆమె ఏడ్చింది.

తప్పు రాజేశ్వరే దిద్ది రాసింది, ఇద్దరి పేర్లతో ఇంకో పేపర్ పంపాం. అది అచ్చయిన కొన్నాళ్లకు మా డిపార్టుమెంటుకు ఇంటర్నెట్ వచ్చింది. నన్ను సైట్ చేసినవాళ్లెవరో రాజేశ్వరి వెతికి చూపించింది. అందరికంటే ఎక్కువసార్లు నేనే, ఆ తర్వాత నా శిష్యులు, వాళ్ల శిష్యులు. బ్రెజిల్ నేను కోసిన కోత. జపాన్ ఆయన ఒకరు ఉన్నమాట నిజం, ఆయన సైట్ చేసింది ఆ దిద్దుబాటునే.

ఇప్పుడు అలసిపోయినప్పుడు తప్ప ఎర్ర గీత అక్కర్లేదు. స్కూటరు వదిలేశాను. ఇది చదివేవాళ్లకు ఒక్క మాట: ఇంట్లో ఎవరైనా పళ్లెంలో ఒక పక్కే తింటుంటే చత్వారం అనుకోకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. బాగున్నావా అని వాళ్లనే అడిగితే, బాగున్నాననే అంటారు.

ఇదంతా రాసి, ఇప్పుడు పాకాలలో లెక్చరరుగా ఉన్న రాజేశ్వరికి ఇచ్చాను. చదివి, కాగితాలు నా చేతికి తిరిగిచ్చింది.

"తప్పు మీరే పట్టుకున్నట్టు రాసినారు సార్. కాదు. మీరు వేలు పెట్టిన లైను ఎడమకు తిప్పినా నిలుస్తాది. నిలవనిది దాని కింది లైను. ఆ పొద్దు మీరు అట్లా నవ్వుతా ఉంటే చెప్పబుద్ధి కాలే."