సగిలేటి చెలమలో మా పెదనాయన

మా చిన్నప్పుడు... ఎండాకాలం వస్తే సగిలేట్లో నీళ్లుండేవి కావు, అంతా ఇసుకే. ఆ ఇసుకను చేత్తో మోచేతి లోతు తవ్వితే అడుగున నీళ్లూరేవి. ఆ గుంటనే చెలమ అంటాం. మొదట ఊరిన నీళ్లు బురదగా ఉంటాయి. వాటిని కొబ్బరి చిప్పతో తోడి పారబోసి, మళ్లీ తేటగా ఊరేదాకా కూర్చోవాలి.

మా పెదనాయన కడపలో బడిపంతులు. పద్యాలు రాసేవాడు. ఒక వేసవిలో ట్రంకుపెట్టెతో ఒక్కడే మా ఊరికి వచ్చేశాడు.

"ఇంక పోనురా. ఆ సిమెంటు గోడల మధ్య ఒక్క పద్యం పుట్టడంల్యా. ఈ మన్నులో మన్నుగా ఈడనే ఉంటా" అన్నాడు నాయనతో.

అమ్మ మజ్జిగ చెంబు చేతికిచ్చింది. "ఉండు బావా, ఎవరొద్దన్యారు? అక్కకు చెప్పొచ్చినావా?"

పెదనాయన చెంబు దించకుండా తాగుతూనే ఉన్నాడు...

మరునాడు పొద్దున్నే పిల్లలందరినీ వెంటేసుకుని ఏట్లోకి దిగాడు. మోకాళ్ల మీద కూర్చుని తానే చెలమ తవ్వాడు. నీళ్లు ఊరాయో లేదో, ఆ బురద నీళ్లకే దోసిలి పట్టాడు.

"పెదనాయనా, తోడి పారబోయల్ల!" అని అరిచాను.

"పారబోసేదేంది మే? భూమి మొదటి మాట ఇది" అని గటగటా తాగేశాడు.

సాయంత్రానికి కడుపు పట్టుకున్నాడు. ఇక చెంబు, కంపచెట్ల చాటు... నాయన కబురు పెడితే పెద్దమ్మ బస్సెక్కి వచ్చింది. అమ్మ జరిగిందంతా చెప్పింది.

"మన్నులో మన్నుగా ఉంటానంటివంట. ఆ మన్నే నిన్నొద్దంటాంది. లెయ్, పోదాం" అంది పెద్దమ్మ.

అందరం నవ్వాం. పెదనాయన నవ్వలేదు.

వాళ్లను బస్సు దగ్గర దింపడానికి మేం కట్టిన ఎద్దులబండి ఏరు దాటేటప్పుడు ఆయన దిగి చెలమ దగ్గరికి వెళ్లాడు. నీళ్లు తేటపడి ఉన్నాయి. తాగలేదు. చేయి ముంచి మొహానికి రాసుకున్నాడు. "దీన్ని పూడనీయొద్దు మే. మళ్లొస్తా" అన్నాడు నాతో.

వానలొచ్చి ఏరు పారేదాకా రోజూ ఇసుక తోడాను. ఆయన మాత్రం ఉండిపోవడానికి మళ్లీ రాలేదు.

ఇప్పుడాయనకు చూపు సరిగా లేదు. ఈమధ్య ఫోన్లో, "సగిలేటికి పోతే ఒక సీసా చెలమ నీళ్లు తేమ్మా" అన్నాడు. వెళ్లాను. ఇసుకంతా ట్రాక్టర్లు ఎత్తుకుపోయాయి... మిగిలింది బంకమట్టి. ఎంత తవ్వినా చెమ్మ లేదు. సీసా ఖాళీగానే తెచ్చాను. ఆయనకింకా చెప్పలేదు.

మీ వైపు ఏ ఏట్లోనైనా, వంకలోనైనా ఇప్పటికీ చెలమ ఊరుతుంటే దయచేసి చెప్పండి... ఎంత దూరమైనా వస్తాను.