మోగిన రేకు

పిల్లలూ, మీరు ఫోనులో తాత కారు చూపించమన్నప్పుడల్లా నేను ముందువైపే చూపిస్తూ వచ్చాను. దీపాలు, ముక్కు, స్టీరింగు. వెనక్కి తిప్పమంటే ఎండ పడుతోందనో, చార్జింగ్ అయిపోయిందనో ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. అసలు సంగతి ఏమిటంటే, ఇన్నాళ్లూ వెనక డిక్కీకి మూత లేదు. అది పాడవడానికి కారణం నేనే. ఫోనులో చెప్పలేక కూర్చుని రాస్తున్నాను.

మీ తాత కొన్నప్పటికే ఆ అంబాసిడర్ పాతది. అయినా మా గోదావరిఖని కాలనీలో కారున్న సర్దారు ఆయనొక్కడే. సర్దారంటే పెద్ద అధికారి ఏమీ కాదు. మిగతావాళ్ల కంటే ముందు గనిలోకి దిగి, పైకప్పు నిలబడుతుందో లేదో చూసి, ఆ తర్వాతే మనుషులను లోపలికి పంపేవాడు. వారానికి ఒక సెలవు ఉండేది. ఇక్కడ దాన్ని ప్లేడే అంటారు. ఆ రోజు పొద్దంతా ఆయన కారు దగ్గరే. ముందు బొగ్గు దుమ్మును నీళ్లతో పోగొట్టి, ఆ తర్వాతే తన పాత బనీనుతో తుడిచేవాడు. దుమ్ము ఉండగా పొడిగుడ్డ పెడితే గీతలు పడతాయని నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఆయన పోయి నాలుగేళ్లయింది. రేకుల షెడ్డులో కారు అలాగే ఉండిపోయింది. తెల్ల రంగు పొక్కులు లేచి, చేత్తో ముడితే రాలుతోంది. పోయిన ఎండాకాలం మీలో చిన్నది అడిగింది కదా, "అవ్వా, మేమొస్తే తాత కారుల తిప్పుతవా?" అని. తిప్పుతానన్నాను. ఆ మాటతోనే కార్ల రేకులు బాగుచేసే టింకరింగ్ భాయ్‌ని పిలిపించాను. మీ తాతకు బాగా తెలిసిన మనిషే.

నేను కోరింది ఒక్కటే. కొత్త రంగు వేయడానికి పాత రంగు మాత్రమే పోవాలి. మీ తాత అన్నేళ్లు తుడిచిన రేకు మాత్రం మిగలాలి.

భాయ్ కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, షెడ్డు గుమ్మంలో కూర్చున్నాడు. "అమ్మా, ఇసుక మిషన్‌తోని కొట్టిస్తె ఒక్క దినంల సాఫ్ అయితది. గాని రేకు మంచిగుంటెనే. మందు పూసి గీకుడు ఒకటున్నది. రంగు అప్పడం లెక్క ఉబ్బుతది, గీకితె ఊడొస్తది. లేదంటె ఎమరీ కాగితంతోని రుద్దుడే. చేతులు పోతయ్."

"మంటతోని కాల్చి తీస్తరట గదా?"

"వద్దు తల్లీ. రేకు వంకర పోతది."

"మరి రేకు ఎక్కడ మంచిగున్నదో, ఎక్కడ పుట్టీ పెట్టి కప్పిండ్రో ఎట్ల తెలుస్తది?"

"అదే జర చూడాలె," అన్నాడు.

సరిగ్గా అప్పుడే నాకు తలుపు వెనకున్న కర్ర గుర్తొచ్చింది. చివర ఇనుప పొన్ను ఉన్న మీ తాత కర్ర. గనిలో ఆయన దానితోనే పైకప్పును తట్టి, ఆ చప్పుడు వినేవాడు. పెళ్లైన కొత్తలో ఒకసారి నాకు చెప్పాడు: "ఖంగుమని మోగిందంటె రాయి మంచిగున్నట్టు. మొద్దుగ వచ్చిందంటె లోపల విడిపోయినట్టు. దాని కింద ఎవల్ని నిలవడనియ్య." ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. మంచినీళ్ల కుండను తట్టేవాడు, అంగట్లో పుచ్చకాయను తట్టేవాడు, వాన పడ్డాక మా క్వార్టరు గోడలను తట్టేవాడు. నేను నవ్వేదాన్ని.

నాలుగేళ్లుగా ఆ కర్రకు దుమ్ము దులపడం తప్ప దాన్ని చేతిలోకి తీసుకున్నది లేదు. ఆ రోజు తీసుకున్నాను. సుద్దముక్క వెతికి, బానెట్ నుంచి మొదలుపెట్టి జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోయాను. మోగిన చోట సున్నా, మొద్దుగా పలికిన చోట అడ్డగీత. తలుపుల కింద అన్నీ అడ్డగీతలే. డిక్కీ మూత మాత్రం బడిగంటలా మోగింది. ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇన్నేళ్లూ ఆయన పని గురించి వినడమే తప్ప, చేయడం అదే మొదటిసారి.

భాయ్ నవ్వాడు. "ఏందమ్మా, డ్యూటీకి దిగినవా?"

"సెకండ్ షిఫ్టు భాయ్. నువ్వు జరుగు, పైకప్పు చూస్తున్న."

"నాకు హాజిరు వెయ్యి మరి."

నవ్వడం అయ్యాక ఆయన డిక్కీ మీద చెయ్యి పెట్టి, నెమ్మదిగా అన్నాడు. "దీన్ని లోపటికెళ్లి కూడ చూద్దామమ్మా. రేకు సంగతి వేరే ఉంటది."

"మా ఆయన కర్ర ఎన్నడు తప్పు చెప్పలె," అన్నాను.

పోయిన మనిషి కర్రతో ఎవరు వాదిస్తారు? తలుపులకు మందు, డిక్కీకి ఇసుక అని తేలిపోయింది. మూత విప్పి ఆటోలో వేసుకుని పోయాడు.

మర్నాడు సాయంత్రం గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడ్డాడు. నేనే సంచి తీశాను. రేకు వెండిలా మెరుస్తోంది. పైకెత్తి పట్టుకుంటే దాని నిండా జల్లెడలా వెలుతురు.

"లోపట తుప్పు తిన్నదమ్మా," అన్నాడు భాయ్. "పల్చగైన రేకు ఇంక గట్టిగ మోగుతది. రాయి తీరు కాదు. నేను ఆపాల్సి ఉండె."

"ఆపినవ్ గదా. నేనే వినలె."

ఆయన చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు. నేను ఆ రేకును ఒళ్లో పెట్టుకుని షెడ్డులోనే కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. మీ తాత కుండను తట్టాడు, గోడను తట్టాడు, పుచ్చకాయను తట్టాడు. కారును మాత్రం ఒక్కనాడూ తట్టలేదు. తుడిచాడంతే. ఎన్నో ప్లేడేలు గడపలో కూర్చుని చూశాను, ఆ ఒక్క సంగతి నాకు తట్టలేదు. ఇద్దరం కలిసి ఉన్నప్పుడైతే "ఏం చేస్తున్నవే?" అని ఒక్క కేక వేసేవాడు. ఇప్పుడు నేను తప్పు చేస్తుంటే కేక వేసేవాళ్లు ఎవరూ లేరు.

మిగతా కారుకు ఇసుక వద్దన్నాను. మిషన్లేవీ వద్దన్నాను. భాయ్ మందు డబ్బా, మొండి గీకుడు బద్ద, చేతులకు తొడుగులు, ముక్కుకు కట్టుకునే మాస్కు ఇచ్చి, ఆరుబయటే చేయాలని ఒట్టు వేయించుకున్నాడు. షెడ్డులో ఉన్న కారును వాకిట్లోకి తోయించాడు. పొద్దున షిఫ్టు సైరన్ మోగుతుంది. ఒకప్పుడు ఆ సైరన్‌కు టిఫిన్ డబ్బా కట్టి ఇచ్చేదాన్ని. ఇప్పుడు తొడుగులు వేసుకుంటాను. అరచేతి వెడల్పు మందు పూసి, ఉబ్బేదాకా ఆగి, గీకి, నీళ్లతో కడుగుతాను. రోజుకు అంతే. ఇంకా చేయొచ్చు కానీ చేయను.

ఒకరోజు భాయ్ చూసి అడిగాడు. "వారం రోజుల పని నెలలకు నెలలు చేస్తున్నవ్. నీకు కారు కావాల్నా అమ్మా, పని కావాల్నా?"

నేను కడిగిన చోటే మళ్లీ నీళ్లు పోశాను.

డిక్కీకి ఇంకో కారు మూత దొరుకుతుందని చెప్పాడు. నేను వద్దన్నాను. ఆ జల్లెడ రేకులోనే పిడి చుట్టూ జానెడు మేర గట్టిగా మిగిలింది. మీ తాత డిక్కీ మూసేటప్పుడు అరచెయ్యి ఆనించి నొక్కేది అక్కడే. భాయ్ ఆ ముక్కను అలాగే ఉంచి, మిగతా అంతటా కొత్త రేకు అతికించి, అతుకుల మీద పుట్టీ పెట్టాడు. మొన్న తెచ్చి బిగించాడు. ఇంకా రంగు వేయలేదు. పాత ముక్క ఒక రంగు, కొత్త రేకు ఒక రంగు. మీకు నచ్చకపోవచ్చు.

భాయ్ వెళ్లాక కర్ర తీసుకెళ్లి తలుపు వెనక పెట్టాను. తిరిగి వచ్చి, పాత ముక్క మీద అరచెయ్యి ఆనించి డిక్కీ మూశాను. మొద్దుగా చప్పుడైంది. గనిలో పైకప్పు ఇలా పలికితే మీ తాత దాని కింద ఎవరినీ నిలబడనిచ్చేవాడు కాదు. నేను మాత్రం చెయ్యి తీయకుండా అక్కడే కాసేపు నిలబడ్డాను.