ఫోర్కు మీద తెల్ల రంగు

2008 ఫిబ్రవరి రెండో మంగళవారం, పొద్దున పదిన్నర. పినపాక అవతల అడవి అంచున ఒక సర్వే కంపెనీ క్యాంపులో అప్పుడు నేను ఫిట్టర్‌ని, గ్రేడు రెండు. జీపు వాగు దగ్గరే ఆగిపోయేది. అక్కడి నుంచి గుట్టల మీదికి పనిముట్లు మోయడానికి కంపెనీ గేరు సైకిళ్లు ఆరు తెప్పించింది. ముందు చక్రాన్ని రెండు కాళ్ల మధ్య పట్టే ఫోర్కులో స్ప్రింగులు, ఆ చక్రానికి డిస్కు బ్రేకు. వాటి బాగోగులు నా పని.

ముత్తయ్య మా చైన్‌మ్యాన్, అంటే కొలత గొలుసు పట్టే మనిషి. అంతకు వారం ముందు అతడు పరికరాల పెట్టె వెనక కట్టుకొని గుట్ట దిగుతుంటే, సగం దారిలో ముందు బ్రేకు పట్టు వదిలింది. సైకిల్‌ను మట్టిగట్టుకు గుద్ది ఆపాడు. భుజం వాచింది. ఇంకోసారి ఇట్లా అయితే పనికి రానని క్యాంపు ఇంజినీరు మూర్తిగారికి చెప్పేశాడు.

విప్పి చూశాను. రోటరు, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప బిళ్ల, వేడికి నీలంగా మారింది. దాన్ని పట్టి ఆపే ప్యాడ్లు అద్దంలా నున్నబడ్డాయి. ఆ రోటరు నూట అరవై మిల్లీమీటర్లది. సాపు నేల మీద చాలు, బరువుతో అంత దిగుడుకు చాలదు. రోటరు పెద్దదైతే అదే చేతి బలానికి పట్టు ఎక్కువ, వేడి తొందరగా ఎక్కదు. హైదరాబాదు నుంచి రెండు సైజులు తెప్పించాం: నూట ఎనభై, రెండు వందల మూడు. రోటరు పెరిగిన కొద్దీ బ్రేకును పైకి జరపాలి కనుక వాటికి తగ్గ బ్రాకెట్లు కూడా వచ్చాయి.

పెద్దదే వేయమన్నారు మూర్తిగారు. ముత్తయ్యదీ అదే మాట.

"పెద్దదే ఎక్కియ్యి తాతా. దిగేటోన్ని నేను గదా."

నేనూ స్పానర్ తీశాను. కానీ పట్టు పెరిగితే ఆ గుంజుడంతా ఫోర్కు ఎడమ కాలు మీదే పడుతుంది. అది ఎంత ఓర్చుకుంటుందో చేసినవాడికే తెలుసు. సైకిళ్ల పెట్టెలు విప్పిన రోజు ఆ కాలు మీద, బ్రేకు పక్కన, పోత పోసినప్పుడే లేచిన సన్నటి అక్షరాలు చూసిన గుర్తు. ఇప్పుడు అక్కడ దళసరిగా తెల్ల రంగు, దాని మీద స్టోరు నంబరు. సామాను రాగానే నంబరు వేయడం మా క్యాంపు పద్ధతి.

రంగు తుడుస్తానంటే స్టోర్‌కీపర్ యాదగిరి ఒప్పుకోలేదు.

"నంబరు గీకితే మెమో వస్తది పెద్దాయనా. అక్షరాలు నేర్చి ఆరేండ్లు గాలే, ఇంజినీరు సారుకే పాఠం చెప్తున్నవా?"

అందులో అబద్ధం లేదు. నలభై ఎనిమిదో ఏట వయోజన విద్యా కేంద్రంలో పలక పట్టినవాణ్ణి. అయినా గుడ్డను రంగు కరిగించే థిన్నర్‌లో ముంచి తుడిచాను. ఒక్కొక్కటే పైకి చదివాను: ఎం, ఏ, ఎక్స్, నూట ఎనభై. జాకీల మీద ఉండే మాటే, ఇంతకు మించొద్దని. మూర్తిగారు వంగి చూశారు. రెండు వందల మూడును తిరిగి అట్టపెట్టెలో పెట్టేసి, నూట ఎనభై వేయమన్నారు.

ముత్తయ్యకు నచ్చలేదు. "పెద్దది ఉండంగ చిన్నదేంది?" అన్నాడు.

"ఫోర్కు ఇరిగితే నీ మూతి పగుల్తది" అన్నాను.

నూనె చేయి తగలకుండా రోటరు కూర్చోబెట్టి, ఆరు స్క్రూలు ఎదురెదురుగా బిగించాను. కొత్త ప్యాడ్లు వేశాను. అవి రోటరుకు అలవాటు పడాలి కనుక ముత్తయ్య చేత సాపు నేల మీద ఇరవైసార్లు తొక్కించి ఆపించాను. సాయంత్రం నాలుగింటికి పెట్టె కట్టుకొని గుట్ట దిగాడు. మిగతా ముగ్గురం కింది మలుపులో నిలబడ్డాం. మా ముందుకు వచ్చి ఆగి, సీసాలో నీళ్లు రోటరు మీద పోశాడు. చుయ్‌మంది.

"అవ్, పట్టింది" అన్నాడు.

యాదగిరి మెమో ఇచ్చాడు. జవాబులో ఉన్నది ఉన్నట్టు రాశాను. నంబరు ఎక్కడ వేయాలని మొదట అతడు అడిగినప్పుడు, సాపుగా ఉందని ఆ చోటు చూపింది నేనే. అక్షరాలు కనబడ్డాయి, చదవలేదు. చదవడం వచ్చాక కూడా పని పాత అలవాటునే, కంటి అంచనాతోనే చేశాను. ఆ తర్వాత సామాను మీద రాత ఉంటే, అది చదివాకే స్పానర్ పట్టాను. ఆరు సైకిళ్ల నంబర్లూ సీటు కిందికి మార్పించాను.

ఆ రోజు అక్కడున్నది ఇంజినీరు మూర్తి, స్టోర్‌కీపర్ యాదగిరి, చైన్‌మ్యాన్ ముత్తయ్య, ఫిట్టర్ లచ్చయ్య. లచ్చయ్యను నేనే.