మంచు మీద పెసలు

నా చిన్నప్పుడు మేం మిషిగన్‌లో, నోవైలో ఉండేవాళ్ళం. బడి ఉన్న రోజుల్లో మా ఇంట్లో పొద్దుటిపూట అంటే మా తమ్ముడి అలకే. వాడికి ఆరేళ్ళు, నాకు తొమ్మిది. ఇడ్లీ పెడితే మెత్తగా ఉందనేవాడు. ఉప్మా పెడితే ఆవాలు ఏరుకుంటూ కూర్చునేవాడు. సీరియల్ ఇస్తే పాలు వేరే గ్లాసులో కావాలనేవాడు. బస్సు వచ్చే వేళవుతుంటే అమ్మ చేతిలో ముద్ద పట్టుకుని వాడి వెనకే తిరిగేది. కారు మీద మంచు గీకుతున్న నాన్న మధ్యలో లోపలికొచ్చి, వాడు తిన్నాడా అని అడిగి వెళ్ళేవారు. నేను తిన్నానో లేదో ఎవరూ అడిగేవారు కాదు. నా కంచం ఎలాగూ ఖాళీ అయ్యేది కదా.

ఆ చలికాలం మా అమ్మమ్మ ఆరు నెలలు ఉందామని వచ్చింది. వారం రోజులు ఈ తతంగమంతా చూసి, ఒక సాయంత్రం వంటింట్లో రెండు గిన్నెలు పెట్టింది. ఒకదాంట్లో గుప్పెడు రవ్వ, ఇంకోదాంట్లో తను సూట్‌కేస్‌లో మోసుకొచ్చిన పెసలు. తమ్ముణ్ణి స్టూలు మీద నిలబెట్టి, రేపటికి ఉప్మానో పెసరట్టో నువ్వే తేల్చు, చెంచా ఏ గిన్నెలో వేస్తే అదే, అంది. మూడోది లేదు. వాడు పెద్దమనిషిలా ఆలోచించి పెసల్లో వేశాడు. మర్నాడు రెండు అట్లు మారు మాట్లాడకుండా తిన్నాడు. తను ఎంచుకున్నదానికి తనే వంకలెలా పెడతాడు? అమ్మ మొహం వెలిగిపోయింది. ఆ రోజు ఫోన్ చేసిన ఆంటీలందరికీ ఆ కథే చెప్పింది.

నాకు మాత్రం కడుపు మండిపోయింది. ఇన్నాళ్ళూ ఇంటిల్లిపాదినీ ఏడిపించినవాడికి చెంచా, నోరు మూసుకుని తిన్నదానికి ఏమీ లేదు. రోజూ సాయంత్రం వాడు స్టూలెక్కడం, ఇల్లంతా వాడి చెయ్యి వైపు చూడడం, నేను ఓ మూల హోంవర్క్ చేసుకుంటున్నట్టు నటించడం. ఒక్కటంటే ఒక్కసారి నన్ను అడిగితే వీళ్ళ సొమ్మేం పోయింది అనుకునేదాన్ని. ఆ కుళ్ళు వాడి మీదకన్నా అమ్మమ్మ మీదే ఎక్కువ. అమ్మ ఎలాగూ వాడి మనిషి. అమ్మమ్మయినా నాదవుతుందనుకున్నాను.

ఒక రోజు భోజనాలయ్యాక అందరూ హాల్లో టీవీ చూస్తుంటే, నానబోసిన పెసల గిన్నె పట్టుకుని, పెరటి తలుపు తీసి మంచులోకి పారబోశాను. గిన్నె కడిగి బోర్లించాను. పొద్దున పెసరట్టు ఉండదు, వాడు గోల చేస్తాడు, చెంచాల ఆట అంతటితో ఆగిపోతుంది. ఇదీ నా ఎత్తు. తెల్లారేలోగా మంచు కురుస్తుందని వార్తల్లో చెప్పారు, అదే అన్నీ కప్పేస్తుందనుకున్నాను.

కురవలేదు. పొద్దున నేను కిందికి దిగేసరికి అమ్మమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉంది. తెల్లటి పెరట్లో పెసలు పచ్చపచ్చగా, ఏరుకోవచ్చు అన్నంత స్పష్టంగా కనిపిస్తున్నాయి. అమ్మమ్మ నా వైపు ఒకసారి చూసి, కిటికీ తెర లాగేసింది. పిండేదని అమ్మ అడిగితే, నానబోయడం మరిచిపోయానే, అంది. తమ్ముడు నేల మీద పడి దొర్లాడు. ఆఫీసుకి టైమైపోతున్న విసుగులో అమ్మ, "ఒక్క పని గుర్తుండదా అమ్మా నీకు?" అని అరిచింది. అమ్మమ్మ తలొంచుకుని ఉప్మాకి ఎసరు పెట్టింది. నేను ఎప్పటిలాగే కంచం ఖాళీ చేసి లేచాను.

ఆ రోజు చీర మీద నాన్న కోటు తొడుక్కుని అమ్మమ్మే మమ్మల్ని బస్సెక్కించడానికి వచ్చింది. తమ్ముడు ముందు పరిగెడుతున్నాడు. ఇప్పుడు తిడుతుంది, ఇప్పుడు తిడుతుంది అనుకుంటూ నడుస్తున్నాను. కొంతదూరం పోయాక, "నీకేమిష్టమే అమ్మలూ?" అంది.

అన్నాళ్ళుగా నేను కాచుక్కూర్చున్న ప్రశ్న అది. తీరా అడిగాక నా దగ్గర జవాబు లేదు. ఇడ్లీయా, అట్టా, అటుకులా, ఏదీ నోటికి రాలేదు. పెట్టింది తినడమే గానీ, నాకేది ఇష్టమో నేనెప్పుడూ చూసుకోలేదు. ఏడుపొచ్చేసింది. అమ్మమ్మ ఆగి, ఆ కోటు చేతితోనే నా మొహం తుడిచి, నిన్ను అడక్కపోవడం నా తప్పే, తొందరేం లేదు, తెలిశాక చెప్పు, అంది. పెసల ఊసు అప్పుడే కాదు, తర్వాతెప్పుడూ ఎత్తలేదు. నాకు తెలియడానికి మంచు కరిగేదాకా పట్టింది. పెరుగన్నంలో ఆవకాయ ముక్క. ఇందులోనూ ఎవరికీ శ్రమ లేకుండా చూసుకున్నావు కదే అని అమ్మమ్మ నవ్వి, ఆ తర్వాత చాలాసేపు నా తల నిమురుతూ కూర్చుంది.

ఇప్పుడు మోరిస్‌విల్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇద్దరు మనవరాళ్ళు. చిన్నది పేచీలో మా తమ్ముడికేం తీసిపోదు. పెద్దది ఏది పెట్టినా తినేస్తుంది, ఎంత బుద్ధిమంతురాలో అని అందరూ మెచ్చుకుంటారు. ఆ మెప్పు వింటే నాకు భయం. అందుకే రోజూ ముందు దాన్నే అడుగుతాను. "ఎనీథింగ్ ఈజ్ ఫైన్, అమ్మమ్మా," అంటుంది పుస్తకంలోంచి తలెత్తకుండా. నేను కదలను. అది పుస్తకం మూసి, నిజంగా ఆలోచించి, ఇది కావాలని చెప్పేదాకా స్టవ్ వెలిగించను. బస్సు వెళ్ళిపోతే వెళ్ళిపోనీ, నేనే డ్రైవ్ చేసి దించి వస్తాను.